నాలుగు మాటలేగా!

మా ఆడపడుచు పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టి మూడేళ్ళయింది. సరదాకి మొదలుపెట్టింది కాదు. అన్నయ్యగారు పనిచేసే కంపెనీ మూతపడింది. పిల్లాడు ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉన్నాడు. అప్పటిదాకా మా అందరి ఇళ్ళకీ ఊరికే పంచిపెట్టిన ఆవకాయే ఆ ఇంటికి ఆధారమైంది. మొదట మా వీధివాళ్ళు, తర్వాత వాళ్ళ చుట్టాలు, ఆ తర్వాత వాట్సాప్‌లో ఎవరెవరో. రాజమండ్రిలో మా ఇంటికి వాళ్ళిల్లు రెండు వీధుల అవతలే కాబట్టి కాయ తుడవడం దగ్గర్నుంచి సీసాలకి మూతలు బిగించడం దాకా నా చెయ్యీ ఉండేది.

పోయినేడు సొంతంగా ఒక వెబ్‌సైటు పెట్టుకుందామనుకుంది. ఎనిమిది రకాల పచ్చళ్ళకీ కొత్త లేబుళ్ళు కూడా. వాటి మీద ఏం రాయాలి అన్న ప్రశ్న రాగానే అందరూ నా వైపు చూశారు. ఇంట్లో బీఏ తెలుగు చదివినదాన్ని నేనొక్కదాన్నే మరి! పెళ్ళి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, సన్మాన పత్రాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. నాలుగు రాత్రులు కూర్చుని రాశాను. గోంగూరకి అంత్యప్రాస, ఉసిరికాయకి ఉపమానం, ఆవకాయకైతే ఏకంగా ఒక సీసపద్యం! మావారు చదివి "బ్రహ్మాండం" అన్నారు. మా ఆడపడుచు కూడా "చాలా బాగుంది వదినా" అంది.

నెలన్నర గడిచింది. వెబ్‌సైటు చూసినవాళ్ళు చూసి వెళ్ళిపోతున్నారు. ఆర్డర్లన్నీ మళ్ళీ పాత వాట్సాప్ నంబరుకే వస్తున్నాయి. ఒకరోజు మా ఆడపడుచు కాస్త నసుగుతూ, "వదినా, ఇలాంటివి రాయడమే పనిగా చేసేవాళ్ళు ఉంటారట. మా వాడి స్నేహితుడి అక్క విశాఖపట్నంలో ఇంట్లోంచే చేస్తోందట. అడగనా?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు చివుక్కుమంది. నేనుండగా బయటివాళ్ళకి డబ్బిచ్చి రాయించుకోవడమా? పైకి మాత్రం "అడుగు, అడుగు" అన్నాను.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వీడియో కాల్‌లో వెనకాల చంటిపిల్ల ఉయ్యాల కనిపిస్తోంది. వెబ్‌సైటులో ఐదు పేజీలు, ఎనిమిది లేబుళ్ళ మాటలు, పండగలకి పంపుకోడానికి ఆరు వాట్సాప్ సందేశాలు, మొత్తం కలిపి 18,000 రూపాయలంది. సగం ముందు, సగం పని ముగిశాక. రెండుసార్లు మార్పులు చేసిస్తుంది, మూడోసారి నుంచి విడిగా లెక్క.

నాకు నోరు ఆగలేదు. "పద్దెనిమిది వేలా! నాలుగు మాటలేగా అమ్మా!" అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు. "అవునండీ, చివరికి మీకిచ్చేది నాలుగు మాటలే. ఏ నాలుగో తెలుసుకోడానికే నాకు రెండు వారాలు పడుతుంది" అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "పోయిన వేసవిలో ఆ అపార్ట్‌మెంటావిడ ఏమందో గుర్తుందా వదినా?" అంది. ఎందుకు గుర్తులేదు! కిలో ఆవకాయ ధర వినగానే "మామిడికాయలేగా!" అంది ఆవిడ. తెల్లవారుజామున మార్కెట్టుకెళ్ళి పుల్లని, పీచున్న కాయ ఏరుకు రావడం, టెంకతో సహా కొట్టించి జీడి తీసి ముక్క ముక్కా తుడవడం, గుంటూరు నుంచి కారం తెప్పించడం, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసి సరిచెయ్యడం, ఇవేవీ ఆవిడ లెక్కలో లేవు. ఆ సాయంత్రం మా ఆడపడుచు వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆవిణ్ణి తిట్టినదాన్ని నేనే. ఇప్పుడు అదే మాట నా నోట్లోంచి వచ్చింది.

మా ఆడపడుచు ఇంకేం మాట్లాడకుండా ఫోన్ తీసి తొమ్మిది వేలు పంపేసింది.

డబ్బు అందిన మర్నాడు ఏదో రాసి పంపుతుందనుకున్నాం. రాత రాలేదు, ప్రశ్నలొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, ఇరవై రెండు! మీ దగ్గర ఎవరు కొంటారు? మొదటిసారి కొన్నవాళ్ళు ఏది కొంటారు, రెండోసారి ఏది అడుగుతారు? కొనకుండా ఆగిపోయినవాళ్ళు ఏమని ఆగారు? ఎక్కువ వచ్చే ఫిర్యాదు ఏమిటి? ఏ పచ్చట్లో ఏ నూనె? ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందని చెబుతున్నారు, ఆ మాట ఎలా చెప్పగలుగుతున్నారు?

"ఇవన్నీ మనమే చెబితే ఇంక తను రాసేదేమిటి?" అని విసుక్కున్నాను. "ఎవరు కొంటారు" అన్నదానికి మేం మొదట ఇచ్చిన జవాబు "అందరూ". జవాబులన్నీ పంపడానికి పన్నెండు రోజులు తీసుకుని, పదమూడో రోజున "ఇంకా అవలేదా అమ్మా?" అని అడిగిన ఘనత కూడా మాదే.

తర్వాత ఆ అమ్మాయి పాత కొనుగోలుదార్ల వాట్సాప్ మెసేజీలు చూపించమంది. పేర్లూ నంబర్లూ తీసేసి దాదాపు నూట యాభై మెసేజీలు పంపాం. వాటిలో వాయిస్ మెసేజీలు కూడా ఉన్నాయి. అన్నీ విని మాకొక మాట చెప్పింది. "మీ దగ్గర కొనేవాళ్ళలో సగంమంది తాము తినడానికి కొనట్లేదండీ. హాస్టల్లో ఉన్న పిల్లలకి, దేశం బయట ఉన్న పిల్లలకి పంపడానికి కొంటున్నారు. వాళ్ళు రుచి గురించి అడగట్లేదు. నూనె కారుతుందా అని అడుగుతున్నారు."

మూడేళ్ళుగా ఆ మెసేజీలు చూస్తున్నది మేమే. మా ఆడపడుచు మూత మీద సీలు వేసి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, మళ్ళీ ఇంకో కవర్లో పెట్టి పంపుతుంది. ఆ సంగతి నా సీసపద్యంలో ఎక్కడా లేదు. గోంగూర గొప్పదనం ఆంధ్రదేశంలో ఎవరికి తెలియదు గనక? తెలియాల్సింది సూట్‌కేసులో బట్టలు పాడవకుండా చేరుతుందా లేదా అన్నది. ఆ అమ్మాయి వెబ్‌సైటు మొదటి పేజీలో పెట్టిన వాక్యం: "మీ పిల్లల హాస్టల్ గదికి, సీలు చెదరకుండా, నూనె కారకుండా." అంతే. ప్రాస లేదు, ఉపమానం లేదు. చదవగానే నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

చదువుకునే రోజుల్లో ప్రకటన రాతంటే నాకు చిన్నచూపు. ఆ రాత సాహిత్యమా అనుకునేదాన్ని. కానీ మనం గొప్పగా చెప్పుకునే ఆంధ్రపత్రిక, భారతి నడిపింది ఎవరు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. మన సాహిత్యానికి నీడనిచ్చింది ఒక తలనొప్పి మందు అమ్మకమే! అంతటి పండితుడైన ఆయన కూడా మాటలొక్కటే నమ్ముకోలేదు, మందు చేతికిచ్చి రాసుకోమన్నారు. సరుకు మంచిదైతేనే మాటకి విలువ.

ఆ సంగతి మాకు అర్థమయ్యే రోజు కూడా వచ్చింది.

మేం ఎప్పటినుంచో "ఏ రసాయనాలూ కలపం" అని చెప్పుకుంటున్నాం. లేబుల్ మీద కూడా అదే పెద్దక్షరాలతో వెయ్యమన్నాం. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఎనిమిదింటికీ అదే మాట రాయచ్చాండీ? టొమాటోకి కూడానా?" అంది. మా ఆడపడుచు మాట్లాడలేదు. నేను ఆమె మొహం చూశాను. బయటి దేశాలకి వెళ్ళే టొమాటో పచ్చడి ఒకసారి బూజు పట్టి తిరిగొచ్చింది. అప్పట్నుంచి దాంట్లో ఆమె సోడియం బెంజోయేట్ కలుపుతోంది. నాకు కూడా చెప్పలేదు.

"అది కలపడం తప్పు కాదండీ, పరిమితిలో కలిపితే చట్టం ఒప్పుకుంటుంది" అంది ఆ అమ్మాయి. "కలిపి, కలపలేదని రాయడమే తప్పు. అది నేను రాయలేను."

పద్దెనిమిది వేలు ఇస్తున్నది మేము, రాయనంటున్నది తను! మావారైతే "చెప్పింది రాయడానికే కదా డబ్బు" అన్నారు. అంతకు రెండు రోజుల ముందే మెంతికాయ లేబుల్ మీద "షుగర్ ఉన్నవాళ్ళకి మందులా పనిచేస్తుంది" అని వెయ్యమని ఆయన చెబితే దానికీ తలూపలేదు. తిండిపదార్థం రోగం తగ్గిస్తుందని రాయకూడదనీ, 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉందనీ, అది పడేది రాసిన తన మీద కన్నా ముందు అమ్మిన మీ మీదేననీ విడమరిచి చెప్పింది. పది లక్షలు అనగానే మావారు పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

మా ఆడపడుచు ఆ రాత్రంతా ఆలోచించుకుంది. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "ఉన్నదున్నట్టు రాయమన్నాను వదినా" అంది. ఇప్పుడు మా టొమాటో లేబుల్ మీద ఏం కలిపామో ఉంది. ఆవకాయ లేబుల్ మీద "ఉప్పు, నూనె, ఆవపిండి. నిల్వకి ఇంకేమీ అక్కర్లేదు" అని ఉంది. ఒక దాంట్లో కలిపామని ఒప్పుకున్నాక, మిగతా ఏడింట్లో కలపలేదన్న మాటకి బరువొచ్చింది. టొమాటో వద్దన్నవాళ్ళు కొందరున్నారు. మోసపోయామన్నవాళ్ళు లేరు. మూడేళ్ళుగా ఆమె మనసులో ఉన్న ముల్లు తీసింది మాత్రం ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న.

మీలో చాలామంది ఇప్పుడు ఇంటినుంచి ఏదో ఒకటి చేస్తున్నారు. పొడులు, చిరుధాన్యాల లడ్లు, మగ్గం వర్కు జాకెట్లు, సంగీతం క్లాసులు. ఎప్పుడో ఒకప్పుడు ఇలా రాసిపెట్టేవాళ్ళ అవసరం పడుతుంది. మేం డబ్బూ పరువూ కాస్త కాస్త పోగొట్టుకుని నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది, ఏమేం రాసిస్తారో లెక్కగా రాయించుకోండి. ఎన్ని పేజీలు, ఎన్ని లేబుళ్ళు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తేదీకి. మేం "ఫొటోలు కూడా నువ్వే తీయిస్తావా? ఫేస్‌బుక్‌లో రోజూ నువ్వే పెడతావా?" అని అడిగాం. రాసేవాళ్ళ పని రాయడం. బొమ్మలు వేసేవాళ్ళు వేరు, సైటు కట్టేవాళ్ళు వేరు. దర్జీకి గుడ్డ ఇచ్చి, కుట్టాక ఇస్త్రీ, ఉతుకు కూడా అతనే చెయ్యాలంటే ఎలా?

రెండోది, ధర. కొందరు మాటకింత అంటారు, కొందరు గంటకింత అంటారు, కొందరు మొత్తం పనికింత అంటారు. కొత్తవాళ్ళకి మొత్తం పనికింత అన్నదే మేలు, చివర్లో గుండె గుభేలుమనదు. బయానా అడిగితే అనుమానపడకండి. మనం కొరియర్ చేసే ముందు డబ్బు తీసుకోమూ? అడగాల్సింది ఇంతకుముందు రాసిన పని. అది చూసి, నచ్చితేనే మాట్లాడుకోండి. "ముందు ఒకటి ఊరికే రాసివ్వు, నచ్చితే చూద్దాం" అనడం మాత్రం భావ్యం కాదు.

మూడోది, దిద్దేవాళ్ళు ఒకరే ఉండాలి. మొదటి రాత రాగానే మా ఇంట్లో ఐదుగురం ఐదు రకాలుగా దిద్దాం. నేను సంధులు కలిపాను, మావారు విశేషణాలు చేర్చారు, మావాడు ఇంగ్లీషు మాటలు దూర్చాడు, అన్నయ్యగారు తాతగారి పేరు వెయ్యమన్నారు. ఆ అమ్మాయి ఓపిగ్గా, "ఇవన్నీ చదివానండీ. చివరి మాట ఎవరిదో చెప్పండి" అంది. వ్యాపారం ఎవరిదో చివరి మాట వాళ్ళదే. ఇంకొకటి, "ఏదో తేడాగా ఉంది" అంటే ఎవరూ సరిచెయ్యలేరు. కూరలో ఉప్పు తక్కువైందో పులుపెక్కువైందో చెప్పినట్టు, ఏ వాక్యం ఎందుకు నచ్చలేదో చెప్పాలి.

నాలుగోది, హక్కులు. డబ్బిచ్చాం కదా, రాత మనదే అనుకుంటాం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, మన దగ్గర ఉద్యోగి కాని మనిషి రాసినదానికి మొదటి హక్కుదారు రాసినవాళ్ళే. మనకి బదిలీ చేస్తున్నట్టు సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశానికేనని లెక్క. పూర్తి డబ్బు అందిన రోజు నుంచి హక్కులన్నీ ఎప్పటికీ, ఎక్కడైనా మీవేనని ఆ అమ్మాయే ముందుగా రాసి పంపింది. మాకు అడగాలని కూడా తెలియదు.

అయిదోది, అద్భుతాలు ఆశించకండి. "అమ్మకాలు రెట్టింపు చేస్తాను" అని ఎవరైనా హామీ ఇస్తే అక్కడే ఆగండి. మంచి రాత మనిషిని గుమ్మందాకా తీసుకొస్తుంది. పచ్చడి రుచి, ధర, కొరియర్ వాడి పుణ్యం, ఇవన్నీ తన చేతిలో లేనివి. మాకూ ఏమీ రెట్టింపవలేదు. కానీ "నూనె కారుతుందా?" అన్న ఫోన్లు తగ్గాయి. హాస్టళ్ళు తెరిచే నెలలో వెబ్‌సైటు నుంచే ఆర్డర్లు రావడం మొదలైంది. మా ఆడపడుచుకి ఫోన్ పట్టుకుని కూర్చునే పని రోజుకో గంట తగ్గింది. ఆ గంట ఆమె పడుకుంటోంది. నాకదే పెద్ద లాభంలా కనిపిస్తోంది.

ఈ మధ్యలో మావాడు చాట్‌జీపీటీతో ఊరికే రాయించి చూపించాడు కూడా. తెలుగు పర్వాలేదు. కాకపోతే మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద గోదావరి గాలిలో ప్రేమగా కలిపిందట! మా పొయ్యి గ్యాసుది, అమ్మమ్మ ఊరు నెల్లూరు. అడిగి తెలుసుకోకుండా రాస్తే ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది. నా సీసపద్యం కూడా అంతేగా!

ఇక, చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. పని ముగిశాక మిగతా తొమ్మిది వేలు వెంటనే పంపలేదు. పండగ ఖర్చులొచ్చాయి, కాయకి డబ్బు కట్టాల్సొచ్చింది, "మనమ్మాయేగా, ఏమనుకోదు" అనుకున్నాం. ఐదు వారాల తర్వాత ఒక చిన్న మెసేజీ వచ్చింది. "నమస్తే అండీ, మిగతా మొత్తం ఈ వారం పంపగలరా?" నేను అది రెండుసార్లు చదివాను. మా జీఎస్టీ లెక్కలు చూసే ఆఫీసులోని కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు. అతణ్ణి "మీరు" అంటాం, ఫీజు అడిగిన రోజే పంపేస్తాం. ఈ అమ్మాయిని మొదటి రోజునుంచీ "నువ్వు" అంటున్నాం. ఇంట్లోంచి పనిచేస్తుందని, వెనకాల ఉయ్యాల కనిపించిందని, అడిగినా గట్టిగా అడగదని. మనం ఇంట్లోంచి చేసే పనికి విలువ లేదని వాపోయేది మనమే, ఇంకొక ఇంట్లోంచి వచ్చిన పనిని తేలిక చేసేదీ మనమే.

ఆ మధ్యాహ్నమే మా ఆడపడుచు డబ్బు పంపేసింది. ఆలస్యానికి క్షమించమని కూడా రాసింది. కొసరుగా కిలో ఆవకాయ పంపుతామంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "ధర ఎంతో నేనే రాశాను కదండీ" అని నవ్వి, ముందు డబ్బు పంపి తర్వాత చిరునామా పంపింది.

పోయిన వారం మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నాకు. ఒక చేనేత చీరల దుకాణానికి తెలుగులో చిన్న పుస్తకం రాస్తోందట. "నాకు తెలుగు ఒత్తులూ దీర్ఘాలూ అంత నమ్మకం లేదండీ. మీరు మా లేబుళ్ళలో పట్టుకున్న తప్పులు చూశాను. ఇది కాస్త చూసిపెడతారా? మీ రేటెంత?" అంది.

నలభై ఏడేళ్ళొచ్చాయి. ఎన్ని శుభలేఖలు, ఎన్ని సన్మాన పత్రాలు దిద్దానో లెక్కలేదు. నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "నాలుగు అచ్చుతప్పులేగా, డబ్బులెందుకమ్మా!" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

మింగేశాను. గొంతు సవరించుకుని అడిగాను.

"ఎన్ని పేజీలండీ?"